విత్తనానికి పెట్టే పరీక్ష పిల్లలకూ పెడదాం

నారు పోసే ముందు 100 వడ్లగింజలు తడి గోనెపట్టాలో చుట్టి మొలక చూస్తాం. 80కి తగ్గితే ఆ విత్తనం పక్కన పెడతాం. గింజ పైకి నిగనిగలాడిందని నమ్మేయం కదా.

మరి పిల్లలు "చదివేశా, వచ్చేసింది" అంటే ఎందుకు నమ్ముతాం? నాలుగుసార్లు చదివితే పాఠం కళ్లకు అలవాటవుతుంది. అది వచ్చినట్టు కాదు.

మా చిన్నమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. దాని సైన్సు నాకు తెలీదు. అయినా రాత్రి అన్నాలయ్యాక పుస్తకం నేను పట్టుకుని, ముందురోజు చదివిన పాఠంలోంచి 10 ప్రశ్నలు అడుగుతా. అడిగే ముందే, "ఎన్ని చెప్పగలవమ్మా?" అంటా. మొదట్లో 9 అనేది, చెప్పేది 4. మొహం చిన్నబుచ్చుకునేది. రానివాటి పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకోమన్నా. మర్నాడు ముందు ఆ చుక్కలే చదివేది. ఇప్పుడు 7 అంటే 7 చెబుతోంది. ఏది రాదో దానికే తెలుస్తోంది.

మీరూ అడగండి. తిట్టొద్దు, తిడితే రానిది దాచేస్తారు. విత్తనం సంగతి ఇంట్లోనే తెలిస్తే సర్దుకోవచ్చు. పొలంలో తెలిస్తే అదును దాటిపోతుంది. చదువూ అంతే.