తేటనీరంతా మంచినీరేనా?

ఆంధ్రదేశంలో వాన చాలా తక్కువగా కురిసే ప్రాంతం అనంతపురం సీమ. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలు దాటి వచ్చేసరికి మేఘాలలోని నీరు చాలావరకు కొండల అవతలే కురిసిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలేమో తూర్పు తీరాన బాగా కురిసి, ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. అందుచేత ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. పడిన వానను పట్టి ఉంచడానికి ఈ సీమవాళ్ళు ఏనాడో చెరువులు కట్టుకున్నారు.

అనంతపురం పక్కన ఉన్న పెద్ద చెరువు అటువంటిదే. విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు ఏలే కాలంలో, 1364లో, చిక్కవొడయరు అనే మంత్రి పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి ఈ చెరువును నిర్మించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం.

వానలు పడిన కొత్తలో ఇటువంటి చెరువులలో నీరు ఎర్రగా ఉంటుంది. ఆ రంగు మట్టిది. నీరు ఎంత తేటగా ఉన్నదో కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. 1865లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కి ఒక తెల్లని పళ్ళేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూశాడు. నేటికీ చెరువుల తేటదనాన్ని ఇలాగే కొలుస్తున్నారు.

ఎండాకాలం వచ్చేసరికి చెరువు ఇంకిపోయి, మిగిలిన నీరు పాచితో పచ్చబడుతుంది. పాచి పగలు ఎండలో ప్రాణవాయువును విడుస్తుంది గాని, రాత్రంతా దానినే పీల్చుకుంటుంది. పైగా నీరు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మంచులా చల్లని లీటరు నీటిలో అది 14 మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటే, వాటికి ప్రాణవాయువు చాలడం లేదని గ్రహించాలి. చెరువులో ఊరి మురుగు కలిస్తే ఈ కరువు ఇంకా త్వరగా వస్తుంది. ఎందుకంటే మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు కూడా ప్రాణవాయువు కావాలి.

ఈ సీమలో ముఖ్యమైన నది పెన్న. ఇది కర్ణాటకలోని నందికొండలలో పుట్టి హిందూపురం ప్రాంతంలో మన నేల మీదికి వస్తుంది. ఏడాదిలో చాలాకాలం నదిలో ఇసుకే కనిపిస్తుంది. ఆ ఇసుకలో చెలమ తీస్తే చల్లని, తేట అయిన నీరు ఊరుతుంది. ఇసుక నీటిని వడగట్టడమే ఇందుకు కారణం. అయితే ఇసుక మట్టిని ఆపగలదు గాని, కరిగిపోయిన ఉప్పును ఆపలేదు. రోగక్రిములను కూడా పూర్తిగా ఆపలేదు.

ఉప్పునీటిని మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఆ నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. సున్నపు లవణాలు ఎక్కువగా ఉండటమే దానికి కారణం. ఈ పరీక్ష మంచిదే. కాని దీనికి దొరకని దొంగ ఒకటి ఉన్నది. దాని పేరు ఫ్లోరైడు.

అనంతపురం నేల కింద ఉన్నది చాలావరకు నల్లరాయి వంటి గట్టి రాళ్ళు. బోరు నీరు ఏళ్ళ తరబడి ఆ రాతి పగుళ్ళలో నిలిచి, రాళ్ళలోని ఫ్లోరైడును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. క్షారగుణం ఎక్కువగా, సున్నం తక్కువగా ఉండే నీటిలో ఇది మరింత కరుగుతుంది. అంటే పప్పు చక్కగా ఉడికే నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చునన్నమాట! దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచీ తెలియదు. నీటిని కాచినా పోదు; నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని పిల్లలు పాలపళ్ళ వయసు నుంచి తాగితే, తరవాత వచ్చే పళ్ళమీద తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు పడతాయి. ఇంకా ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగుతాయి. వంగిన ఎముకలను మందులు తిరిగి సరిచెయ్యలేవు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఈ సీమలో 700కు పైగా గ్రామాలకు నీరు అందించింది. అటువంటి పథకం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఫ్లోరైడును పట్టే పరీక్ష కష్టమైనది కాదు. ఒక ఎర్రని రంగుమందును నీటిలో కలిపితే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ ఆ ఎరుపు పసుపుకు తిరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల నీరు కూడా ఒక్కలా ఉండదు. ఒకే బోరు నీరు వానలకు ముందు ఒక రకంగా, తరవాత మరొక రకంగా ఉండవచ్చు. అందుచేత ఏడాదికి రెండుసార్లు పరీక్షించడం మంచిది. మీ బడిలో మీరు తాగే నీటిని ఆఖరుసారి ఎప్పుడు పరీక్ష చేయించారో, ఫ్లోరైడు ఎంత ఉన్నదో మీ మాస్టారిని అడిగి తెలుసుకోండి.