రెండు కిటికీల గాజుబిళ్ళ

నవ్వకండి. స్కాలర్‌షిప్ డబ్బంతా పెట్టి నేను కొన్నది రెండంగుళాల గాజుబిళ్ళ! మా రూమ్మేటు దాన్ని ట్యూబులైటుకు అడ్డంపెట్టి చూసి, "వెలుతురే రావట్లేదు, మోసపోయావురా" అన్నాడు.

రాకూడదనే కదా కొన్నది! మా హైదరాబాదు హాస్టలు డాబా మీద రాత్రి ఆకాశం బూడిదరంగు. ఎల్ఈడీ వీధిదీపాల వెలుగులో దాదాపు అన్ని రంగులూ ఉంటాయి. నెబ్యులా మాత్రం పొదుపరి. అందులోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగానూ, ఆక్సిజన్ 500.7 దగ్గర ఆకుపచ్చగానూ వెలుగుతాయి. ఈ ఫిల్టరు ఆ రెండుచోట్లా 7 నానోమీటర్ల వెడల్పున కిటికీలు తెరిచి, తక్కిన తలుపులన్నీ మూసేస్తుంది. ఆ ఆకుపచ్చ గీతను 1864లో విలియం హగ్గిన్స్ చూశాడు. భూమ్మీద లేని మూలకమేమోనని దానికి తర్వాత "నెబ్యులియం" అని పేరుకూడా పెట్టారు. ఆక్సిజనేనని బోవెన్ తేల్చింది 1927లో. అంతటివాళ్ళే పొరబడ్డారు, మావాడి తప్పేముంది?

జనవరిలో డిపార్ట్‌మెంటు టెలిస్కోపుకూ అరువు కెమెరాకూ మధ్య దాన్ని బిగించి, రోజెట్ నెబ్యులా వైపు తిప్పాను. మొదటి 5 నిమిషాల ఫ్రేములో నాలుగు చుక్కలే! గుండె జారింది. 36 ఫ్రేములు తీసి ఒకటిగా కలిపేసరికి తెల్లవారింది, గులాబీ విచ్చుకుంది. రూమ్మేటు టీ ఇప్పించాడు.

ఫొటో చూసి నాన్న ఫోన్ చేశారు. "చిన్నప్పుడు డాబా మీద నీకు వేలుపెట్టి చూపించేవాణ్ణే, ఆ ఆండ్రోమెడా కూడా తియ్యరా."

అది గెలాక్సీ. నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ కలిసినది. దానికి ఈ బిళ్ళ పనికిరాదు, చీకటే కావాలి.

"మనూరొచ్చి తీస్తాను నాన్నా" అన్నాను.

"మొన్ననే మన గుమ్మం ముందు ఎల్ఈడీ దీపం వేశార్రా" అన్నారు నాన్న.