బాటకు తగిన టైరు

మనిషి తన కండబలంతో నడుపుకొనే వాహనాలలో సైకిలుకు సాటి వచ్చేది మరొకటి లేదు. దానికి ఇంధనం అక్కరలేదు. ఇరుకు డొంకలోనూ, విశాలమైన రహదారి మీదా అది సాగిపోతుంది. కాని ఆ సైకిలుకూ నేలకూ మధ్య ఉన్న సంబంధం చాలా చిన్నది. రెండు టైర్లూ కలిసి నేలను తాకే చోటు అరచేతిలో సగమైనా ఉండదు. తొక్కేవారి బరువు, బ్రేకు పట్టు, మలుపులో నిలకడ అన్నీ ఆ కొద్దిపాటి చోటు మీదనే ఆధారపడి ఉంటాయి. అయినా సైకిలు కొనేవారు రంగును, గేర్లను పరిశీలించినంత శ్రద్ధగా టైరును పరిశీలించరు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ప్రాంతాలలో ఈ శ్రద్ధ మరింత అవసరం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలుగా ఏర్పడిన ఈ మూడింటిలోనూ ఒకే ప్రయాణంలో రెండు మూడు రకాల నేలలు ఎదురవుతాయి. హైదరాబాదు నుండి వరంగల్లు వైపు సాగే జాతీయ రహదారి జనగామ మీదుగా పోతుంది. దాని మీద నుండి పల్లె వైపు మళ్ళితే మొరం బాటలు, చల్క నేలలు, గుట్టల అంచున రాళ్ళదారులు మొదలవుతాయి. మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ తండాలు ఎక్కువ. చేల నుండి, తండా నుండి మట్టిబాట పట్టి వచ్చినవారు తారు రోడ్డెక్కి మండల కేంద్రం చేరుకుంటారు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. బరువు లారీలు వచ్చినప్పుడు సైకిలువారు తారు విడిచి కంకర అంచుకు దిగవలసి వస్తుంది. అక్కడి నుండి కాళేశ్వరం దాకా అడవులు, గోదావరి తీరపు నల్లరేగడి చేలు ఉన్నాయి.

గాలి నింపిన టైరు పుట్టుకకు కూడా గతుకుల బాటే కారణం. పూర్వం సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలు తొడిగేవారు. రాళ్ళు పరచిన వీధులలో అవి ఎముకలు కదిలేటట్లు కుదిపేవి. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పొందినా అది వ్యాప్తిలోకి రాలేదు. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాన్ని అమర్చి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. సైకిలు జనసామాన్యపు వాహనం కావడానికి అది దారి తీసింది. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళపై మట్టిదారుల వెంట దిగడం మొదలుపెట్టారు. మౌంటెన్ బైకుకు అదే ఆరంభం.

కొండల కోసం పుట్టిన ఆ సైకిలు నేడు చిన్న పట్టణాల దుకాణాలలోనూ కనిపిస్తుంది. దాని టైరు మీద ఎత్తయిన బొడిపెలుంటాయి. వదులు మట్టిలో, తడి నేలలో అవి గుచ్చుకొని పట్టునిస్తాయి. తారు మీద మాత్రం అవే భారమవుతాయి. బరువు పడినప్పుడల్లా ప్రతి బొడిపె వంగి లేస్తుంది. ఆ వంగడంలో తొక్కేవారి శక్తి వృథా అవుతుంది. చక్రం ఝుమ్మని మోగుతుంది. బొడిపెలు త్వరగా అరిగిపోతాయి. పూర్తిగా నున్నని టైరు తారు మీద వాన కురిసినా బాగానే నడుస్తుంది గాని, మొరం మలుపులో జారుతుంది.

ఈ రెండింటి నడుమ మరొక రకం ఉంది. దాని నడిమి భాగం దాదాపు నునుపుగా, అంచులు బొడిపెలతో ఉంటాయి. నిటారుగా సాగేటప్పుడు నడిమి భాగం నేలను తాకుతుంది. మలుపులో సైకిలు ఒరిగినప్పుడు అంచులు పట్టునిస్తాయి. సగం తారు, సగం మొరం ఉన్న బాటకు ఇది తగినది. మట్టిబాటే ఎక్కువైతే ముందు చక్రానికి బొడిపెల టైరు, వెనుక చక్రానికి ఈ నడిమి రకం వేయడం మేలు. ముందు చక్రం జారితే మనిషి పడిపోతాడు. వెనుక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. నల్లరేగడిలో తిరిగేవారికి బొడిపెలు దూరదూరంగా ఉండాలి. దగ్గరగా ఉంటే వాటి మధ్య బంకమట్టి పేరుకొని చక్రం కదలదు.

కొనేముందు టైరు పక్కన అచ్చువేసిన అంకెలను చదవాలి. 26 అంగుళాలు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 26×1.95 అని దశాంశంలో రాసిన మౌంటెన్ బైకు టైరు 559 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోతుంది. 26×1 3/8 అని భిన్నంలో రాసినది 590 మిల్లీమీటర్ల రిమ్ముది. ఒకదాని బదులు మరొకటి పట్టదు. వెడల్పు 1.75 నుండి 2.1 అంగుళాల మధ్య ఉంటే రెండు రకాల బాటలకూ అనుకూలం. అంతకన్నా లావైనది ఫోర్కుకో, బ్రేకుకో రాసుకోకుండా చూసుకోవాలి.

ఎంత మంచి టైరైనా గాలి సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. మనిషి, సంచి, సైకిలు కలిసి 75 కిలోలనుకుంటే వెనుక చక్రం మీద సుమారు 45 కిలోలు పడతాయి. చదరపు సెంటీమీటరుకు 3 కిలోల ఒత్తిడి ఉంటే ఆ టైరు నేలను తాకే వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడిని 2 కిలోలకు తగ్గిస్తే అది ఇరవై రెండున్నరకు పెరుగుతుంది. అందుకే కంకర మీద గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరిగి కుదుపు తగ్గుతుంది. మరీ తగ్గితే రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు గాట్లు పడతాయి. మరీ ఎక్కువైతే చక్రం ప్రతి రాయి మీదా ఎగిరి పడుతుంది. టైరు పక్కన ముద్రించిన హద్దులు దాటకుండా, వారానికొకసారి గాలి చూసుకోవాలి.

ఈ నేలలకు మరొక శత్రువు ఉంది. బాటల వెంట తుమ్మ, సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరుగాయలు ట్యూబును తొలుస్తాయి. లోపల మందమైన రక్షణ పొర ఉన్న టైరు కొంత బరువైనా ఇక్కడ ఆ బరువు మోయదగినదే. ముల్లు దిగిన టైరుకు పంక్చరు వేయించేటప్పుడు లోపలి వైపు వేలితో తడిమి ముల్లు మొనను తీసివేయాలి. లేకపోతే కొత్త అతుకు పక్కనే మళ్ళీ రంధ్రం పడుతుంది.

ఇవన్నీ చిన్న విషయాలుగా తోచవచ్చు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళ పథకం ప్రారంభించిన తరువాత ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరిక గణనీయంగా పెరిగిందని పరిశోధకులు తేల్చారు. ఇంటికీ బడికీ ఉన్న దూరం చదువుకు ఎంత అడ్డమో దీనివల్ల తెలుస్తుంది. అయితే సైకిలు ఉన్నంత మాత్రాన ఆ దూరం తరగదు. పంక్చరైన సైకిలును మొరం బాటలో తోసుకుంటూ నడిచే విద్యార్థినికి మొదటి పీరియడు పోతుంది. పరీక్ష రోజైతే ఏడాది కష్టమే పోవచ్చు. కనుక టైరు కొనేవారు ముందు తాము రోజూ పోయే దారిని ఒకసారి పరికించి, అందులో తారు ఎంత, మొరం ఎంత, ముళ్ళు ఎంత అని లెక్కించుకోవాలి. దుకాణంలో ఏ టైరు అడగాలో ఆ లెక్కే చెబుతుంది.