బస్సు మారిందని మన గూడేనికి ఎవరు చెప్పాలె?



పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకొని చదవండి. ఊర్లో ఉన్న పెద్దలకు కూడా చదివి వినిపించండి. ముచ్చట బస్సు గురించి.

బస్సు లేదని, రోడ్డు లేదని మనం చానా సార్లు రాసుకున్నం. ఈసారి రాసేది అది కాదు. ఉన్న బస్సు టైం మారితే, రూటు మారితే, బంద్ అయితే ఆ మాట మన గూడేనికి ఎట్ల చేరుతది? మా అనుభవంలో అయితే చేరదు. స్టేజీ కాడ గంటసేపు నిలబడితే, రాని బస్సును చూసి మనమే అర్థం చేసుకోవాలె.

మేం పాత ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో నాలుగు గూడేల పిల్లలం. కొందరం ఇంటర్, కొందరం డిగ్రీ. నాలుగు గూడేలకు కలిపి ఒక్కటే పల్లె వెలుగు బస్సు. రాత్రి మా దిక్కు చివరి ఊర్లో ఆగి, పొద్దున ఏడుంపావుకు మా స్టేజీకి వచ్చేది. ఈ జూన్‌లో కాలేజీలు తెరిచిన వారం అది రాలేదు. మూడు రోజులు ఆటోల్లో పోయినం. బస్సు బంద్ కాలేదని నాలుగో రోజు తెలిసింది. నైట్ హాల్ట్ తీసేసిన్రు. ఇప్పుడు అది పొద్దున డిపో నుంచి బయల్దేరి, మా దగ్గరికి తొమ్మిదిన్నరకు వస్తది. మాకు క్లాసు మొదలయ్యేదే తొమ్మిదిన్నరకు.

ఈ మాట మాకు చెప్పింది ఆటో డ్రైవర్ అన్న. ఆయనకు చెప్పింది బస్టాండ్ ముందర చాయ్ హోటల్ ఆయన. మేం బస్టాండ్‌కు పోయి అడిగితే అద్దం వెనక అంటించిన కాగితం చూపించిన్రు. ‘నోటీసు పెట్టినం కదా’ అన్నరు. నిజమే, పెట్టిన్రు. ఆ కాగితం మా గూడెం నుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దాన్ని చదవాలంటే ముందు బస్సెక్కి పోవాలె.

బస్సు మార్చడానికి కారణాలు ఉంటయ్. డ్రైవర్లు తక్కువ ఉండొచ్చు, బస్సు పాతదై ఉండొచ్చు. వానాకాలం వాగు కాజ్‌వే మీదికి వస్తే డ్రైవర్ బస్సును ఆపుడే మంచిది, మేం కాదనం. కానీ కారణం ఉండుడు వేరు, చెప్పకపోవుడు వేరు. బస్సు తీసేస్తే మనకు పోయేది బస్సు. చెప్పకుండా తీసేస్తే ఇంకోటి కూడా పోతది. వేరే దారి చూసుకునే టైం పోతది.

ఉదాహరణకు మాలోనే ఇద్దరు చెల్లెళ్ల సంగతి. బస్సు ఉందన్న ధైర్యంతోనే ఇంటి నుంచి కాలేజీకి పోయేటట్టు చేరిన్రు. మే నెలలో ఒక్క మాట తెలిసి ఉంటే హాస్టల్ సీటుకు దరఖాస్తు పెట్టుకునేటోళ్లు. తెలిసేసరికి సీట్లు నిండిపోయినయ్. ఇప్పుడు ఇంట్లో ‘రోజూ ఆటోల్లో ఏం పోతవ్, ఈ ఏడు ఆగు’ అంటున్నరు. ఒకసారి ఆగిన ఆడపిల్ల చదువు మళ్లీ మొదలయ్యుడు ఎంత కష్టమో ఈ గ్రూపులో ఎవరికీ కొత్తగా చెప్పే పని లేదు.

పైసల సంగతి కూడా చూడండి. మేం నెల పాసు కట్టినం. పాసు ఆటోలో చెల్లదు. అంటే ఒకటే దారికి రెండు సార్లు కిరాయి. మా అమ్మలది ఇంకో కథ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు. మంచి పథకం. ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకొని సంతకు పోయే అవ్వలను మనం చూస్తనే ఉన్నం. కానీ బస్సు ఎప్పుడొస్తదో తెలియని నాడు ఆ అవ్వ ఆటోకే పైసలు ఇయ్యాలె, కందుల మూటకు వేరేగా ఇయ్యాలె.

అన్నిటికంటే మనం గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉన్నది. కొత్త టైం తెలియక జనం ఎక్కరు. బస్సు ఖాళీగా తిరుగుతది. టికెట్ మిషన్ లెక్కలో సీట్లు నిండలేదని వస్తది. దాన్ని వాళ్లు ఓఆర్ అంటరు. ఓఆర్ తగ్గిన రూటు మీదనే ముందుగా కత్తి పడతది. ‘మీ దిక్కు ఎవరూ ఎక్కుతలేరు’ అని కండక్టర్ మాతోనే అన్నడు. ఆయన అబద్ధం చెప్పలే. అదే టైంలో లోపలి గూడెం నుంచి ముసలోళ్లు నాలుగు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డుకు పోతున్నరు, బస్సు పూర్తిగా బంద్ అయిందనుకొని. లెక్కలో ఖాళీ సీట్లు కనబడతయ్, ఆ నడక కనబడదు. ముందు చెప్పకపోవుడు, తర్వాత జనం లేరనుడు! ఇట్లనే రూటు సచ్చిపోతది.

మన దిక్కు సమాచారం పంపుడు కష్టమా? కాదు. పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతర వస్తే ప్రత్యేక బస్సులు ఎక్కడి నుంచి నడుస్తయో ముందుగానే పేపర్లో వస్తది. జాతరకు చెప్పగలిగినోళ్లు రోజూ నడిచే బస్సుకు ఎందుకు చెప్పలేరు? 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడైన తర్వాతి ఏళ్లలో, హైమన్‌డార్ఫ్ సూచనతో ఆ జాతరలోనే దర్బారు మొదలైంది. అధికారులే ఆదివాసుల దగ్గరికి వచ్చి వినాలన్నది దాని ఉద్దేశం. చెప్పే మాట కూడా అట్లనే మన దగ్గరికి రావాలె కదా.

చట్టం కూడా ఇదే అంటది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉన్నది. అందులో సెక్షన్ 4 చదవండి. జనం మీద ప్రభావం పడే నిర్ణయాల వివరాలు మనం అడగకముందే బయట పెట్టాలె. నష్టపోయేటోళ్లకు కారణం చెప్పాలె. చెప్పేటప్పుడు స్థానిక భాషను చూసుకోవాలె. నోటీసు బోర్డు, పేపర్, బహిరంగ ప్రకటన అని పద్ధతులు కూడా అందులోనే రాసి ఉన్నయ్.

అందుకే పోయిన వారం మేం దరఖాస్తు పెట్టినం. మూడే ప్రశ్నలు. నైట్ హాల్ట్ తీసేయాలని ఏ తేదీన నిర్ణయించిన్రు? కారణం ఏంది? ఆ మాట మా గూడేలకు ఏ పద్ధతిలో చెప్పిన్రు? ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. రాగానే ఇక్కడ పెడతం. నైట్ హాల్ట్ మళ్లీ పెట్టాలని వేరే అర్జీ ఇచ్చినం.

ఈలోపు ఊకే కూసోలేదు. పంచాయతీలో అడిగి స్టేజీ కాడ గోడ మీద కొత్త టైం పెద్ద అక్షరాలతో రాసినం. చదువు రానోళ్ల కోసం నాలుగు గూడేల్లో పటేళ్లకు చెప్పి గోండిలో, కొలామీలో చాటింపు చేయించినం. అంతకుముందు సంత రోజు ఆ బస్సు ఎక్కింది ఇద్దరో ముగ్గురో. చాటింపు తర్వాతి సంతకు మా స్టేజీ నుంచే సగం మందికి సీటు దొరకలే. ఆ గోడకు, చాటింపుకు అయిన ఖర్చు ఒక డబ్బా రంగు.

మేం అడిగేది కూడా అంతే. బస్సు మార్చే ముందు కనీసం పదిహేను రోజుల గడువు. ఆ రూట్లో ప్రతి పంచాయతీకి, బడికి, హాస్టల్‌కు ఒక కాగితం. పాత టైంలో నడిచే చివరి వారం కండక్టర్ నోటితో ఒక మాట.

మీ గూడేనికి వచ్చే బస్సు ఏది, ఇప్పుడు టైం ఎంత, చివరిసారి మారినప్పుడు మీకు ఎవరు చెప్పిన్రు? ఈ మూడు సంగతులు రాసి గ్రూపులో పెట్టండి. అన్ని మండలాలవి కలిపి ఒక కాగితం చేసి, వచ్చే నాగోబా దర్బారులో ఇద్దాం. మా దరఖాస్తు నకలు కావాలన్నోళ్లు అడగండి, పంపిస్తం.

జై సేవ. జై ఆదివాసీ.