బిలాస్‌పూర్‌లో వణికిన జిప్సీ
తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా పాతుకుపోయిన ఊరిలో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి జబ్బును చెవితో, చేతితో, సుద్దముక్కతో కనిపెట్టిన వైనం

విశాఖపట్నంలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళు విజయనగరం దాటాక కునుకు తీసి, తూర్పు కనుమలను నిద్రలోనే దాటేసి, మర్నాడు పొద్దెక్కాక బిలాస్‌పూర్‌లో దిగుతారు. 800 మీటర్లకు పైబడిన ప్లాట్‌ఫారం మీద హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల మధ్య నుంచి ''ఏటి బాబూ, బండి లేటయినాదా?'' అన్న పలకరింపు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాస ఇక్కడి రైల్వే కాలనీలో ఇంకా బతికే ఉంది. మాట్లాడేవాళ్ళలో చాలామంది ఆ జిల్లాలను పెళ్ళిళ్ళకు, చావులకు తప్ప చూసింది లేదు.

ఈ ఊరిని రైలే పెంచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) నాగ్‌పూర్ నుంచి తూర్పుకు పట్టాలు పరుచుకుంటూ వచ్చి, 1891 నాటికి ఆసన్‌సోల్ దాకా ప్రధాన మార్గాన్ని పూర్తి చేసింది. కట్నీ వైపు చీలే దారి కూడా ఇక్కడే కలవడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. 20వ శతాబ్దం మొదట్లో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీరపు మార్గం బీఎన్ఆర్ చేతికి రావడంతో ఉత్తరాంధ్ర పల్లెలకు రైల్వే కొలువు దగ్గరైంది. గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లుగా చేరి ఖరగ్‌పూర్ నుంచి నాగ్‌పూర్ దాకా విస్తరించారు. ఆ తర్వాత ఎప్పుడో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్నది ఈ బీఎన్ఆర్ కార్మికుల మధ్యే. 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమైన బిలాస్‌పూర్, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ప్రధాన కేంద్రమైంది. అంతకు ముందే, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని రాయ్‌పూర్‌కు దక్కితే హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చింది. కోర్బా గనుల బొగ్గు ర్యాకులు రాత్రీ పగలూ ఊరి మధ్య నుంచి వెళుతూనే ఉంటాయి.

ఈసారి బిలాస్‌పూర్ వెళ్ళింది రైల్వే మీద రాయడానికి కాదు. అచానక్‌మార్ పులుల అభయారణ్యం అంచు గ్రామాలు చూడాలి. 2009లో టైగర్ రిజర్వ్ హోదా పొందిన ఆ అడవికి వెళ్ళడానికి బండి కావాలని అడిగితే, రైల్వే కాలనీలోని పరిచయస్తులు పాతికేళ్ళు దాటిన ఓ కుర్రాడిని చూపించారు. అతని దగ్గర పాత మారుతీ జిప్సీ ఉంది. తాత పదవీ విరమణ సొమ్ములో మిగిలిన దానికి కొంత అప్పు కలిపి, అడవికి వచ్చే పర్యాటకులను తిప్పి బతుకుదామని ఆరు నెలల క్రితం కొన్నాడు. ''ఎల్లుండి తీసుకెళ్తాను సార్. కానీ 60 దాటించను'' అన్నాడు. ఎందుకన్న ప్రశ్నకు జవాబు అతని తాత నుంచి వచ్చింది: ''దాటితే వణుకుతాది బాబూ. జొరమొచ్చినోడిలాగ.''

జిప్సీ గురించి తెలియనివారికి రెండు మాటలు. 1985లో మార్కెట్లోకి వచ్చి 2019 నాటికి పౌర మార్కెట్ నుంచి తప్పుకున్న ఈ బండిని సైన్యం, పోలీసులు, అటవీ శాఖ విరివిగా వాడాయి. ముందూ వెనకా గట్టి ఇరుసులు, కమాన్ పట్టీలు, అవసరమైతే నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటు. గేర్‌బాక్సుకూ, శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య ఓ పొట్టి షాఫ్ట్. అక్కడి నుంచి ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఇరుసుకు ఒకటి. అంటే మామూలు కారులో లేని మూడు తిరిగే కడ్డీలు, వాటి చివర్లలో క్రాస్ జాయింట్లు. అడవిలో ఇవే బలం. తారు రోడ్డు మీద వేగం పెరిగితే అనుమానించాల్సిన చోట్లు కూడా ఇవే.

కుర్రాడు అప్పటికే మూడు షెడ్లు తిరిగాడు. ఒకరు వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేశారు. ఇంకొకరు షాక్ అబ్జార్బర్లు మార్చారు. మూడో షెడ్డువాళ్ళు టైర్లే మార్చమన్నారు. మొత్తం రూ. 14,000 దాకా ఖర్చయింది, వణుకు మాత్రం తగ్గలేదు. ''పాత ఫోర్ బై ఫోర్ కదా, అంతే ఉంటుంది'' అని అమ్మినవాడు కొట్టిపారేశాడు. ఈలోగా పెండ్రా వైపు నుంచి ఒక కొనుగోలుదారు దొరికాడు. ఊళ్ళోనే, తక్కువ వేగంలో నడిపి చూసి నచ్చిందన్నాడు. వచ్చిన ధరకు ఇచ్చేస్తే అప్పు తీరుతుంది. వణుకు సంగతి అతనికి చెప్పాలా, వద్దా? నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో రెండు రోజులుగా ఇదే తగువు.

తాత క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్న పలాస దగ్గరి పల్లె నుంచి ఖలాసీగా వచ్చారట. స్టేషన్లోకి వస్తున్న గూడ్సు బండిని పట్టాల పక్కన కూర్చుని కళ్ళతో, చెవులతో పరీక్షించడం ఆయన ఉద్యోగం. దాన్ని 'రోలింగ్ ఇన్' పరీక్ష అంటారు. చక్రం అరిగి చదునైతే టక్ టక్‌మని లెక్కగా కొడుతుంది. బేరింగ్ చెడితే పెట్టె వేడెక్కుతుంది, ఆగాక ముంజేతి వెనక భాగంతో తాకితే తెలుస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ మీద సంతకం పడుతుంది, అప్పుడే బండి కదులుతుంది. ''ఏటి సెడిందో తెలీని వ్యాగన్‌ని పక్క స్టేషన్‌కి తోసేస్తే పాపం పోద్దా? అక్కడోడు సస్తాడు'' అన్నారు మనవడి వైపు చూడకుండా. అమ్మేముందు జబ్బేమిటో తేలాలని ఆయన పట్టు.

మర్నాడు తెల్లవారుజామునే ముగ్గురం రతన్‌పూర్ రోడ్డెక్కాం. కలచురి రాజుల నాటి రాజధాని, మహామాయ గుడి ఉన్న రతన్‌పూర్ 25 కిలోమీటర్ల దూరం. రోడ్డు బాగుంటుంది, ఆ వేళ లారీలు తక్కువ. సేందరి దాటాక వేగం పెంచమన్నారు పెద్దాయన. 65 దగ్గర కాళ్ళ కింద రేకు సన్నగా మోగింది. 75కి సీటు, అద్దం, తలుపు అన్నీ అందుకున్నాయి. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నీళ్ళ సీసాలో అలలు లేచాయి.

''స్టీరింగు ఊగతందా?'' అడిగారు. లేదు. వణుకు సీటులో, నేలలో ఉంది. ముందు చక్రాల లోపమైతే సాధారణంగా చేతులకు ముందు తెలుస్తుంది, వెనక భాగానిదైతే నడుముకు తెలుస్తుంది. ఇది మొదటి ఆనవాలు. బ్రేకు నొక్కినప్పుడు పెరగలేదు కాబట్టి బ్రేకులది కాదు.

తర్వాత 75 మీద గేరు న్యూట్రల్‌లోకి తెప్పించారు. ఇంజను ఒక్కసారిగా నెమ్మదించింది. వణుకు మాత్రం బండి వేగం తగ్గిన కొద్దీ తగ్గిందే తప్ప, ఇంజనుతో పాటు పడిపోలేదు. నాలుగో గేరులో, ఐదో గేరులో కూడా అదే వేగానికి మొదలైంది. అంటే ఇంజను, క్లచ్ నిర్దోషులు. లోపం చక్రాలతో పాటు తిరిగేదాంట్లో ఎక్కడో ఉంది. ఒక్క తేడా గమనించారు: యాక్సిలరేటర్ తొక్కి లాగిస్తే ఎక్కువ, వదిలేస్తే కొంచెం తక్కువ.

ఇక్కడ ఓ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. జిప్సీ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. కాబట్టి చక్రం సెకనుకు పదిసార్లు తిరుగుతుంది. వెనక ఇరుసులోని పళ్ళ నిష్పత్తి వల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి దాదాపు నాలుగు రెట్లు, అంటే 40 సార్లు తిరుగుతుంది. టైరు లోపం ఊపుగా, దడదడగా ఉంటుంది. షాఫ్ట్ లోపం తుమ్మెద రొదలా సన్నగా, వేగంగా ఉంటుంది. పెద్దాయనకు ఈ లెక్క చెబితే నవ్వారు. ''తుమ్మెదేనండీ. నేను రాత్రే అన్నాను, ఈడు ఇంటేగా.''

అయినా ఊహతో సరిపెట్టలేదు. రోడ్డు పక్కన చెట్టు కింద బండి ఆపించి నాలుగు హబ్‌లనూ ముంజేతితో తాకి చూశారు. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. చక్రాల బేరింగులు బాగున్నట్టే. ముందు చక్రాలను వెనక్కు, వెనకవి ముందుకు మార్పించారు. టైరుదో, వంగిన రిమ్ముదో దోషమైతే వణుకు కూడా చోటు మార్చుకోవాలి. మార్చుకోలేదు. ముందు హబ్‌లకున్న తాళాలు విప్పి 'ఫ్రీ'లో పెట్టించారు. అప్పుడు టూ వీల్ డ్రైవ్‌లో ముందు షాఫ్ట్ తిరగాల్సిన అవసరమే ఉండదు. వణుకు అలాగే ఉంది. ముందు షాఫ్ట్ కూడా బయటపడింది. కొత్త సామాను ఒక్కటీ కొనలేదు, పైసా ఖర్చు లేదు. ఒక్కో పరీక్షా ఒక్కో అనుమానితుణ్ణి విడిచిపెట్టింది.

చివరగా ఆయన ఓ రాయి మీద గొంతుక్కూర్చుని, బండిని తన పక్క నుంచి 75 మీద పోనిమ్మన్నారు. అది వచ్చి వెళ్ళిపోయేవరకు కళ్ళు మూసుకున్నారు. బోగీలు లేని రోలింగ్ ఇన్ పరీక్ష అది. ''ఎనకాల, మజ్జిలో'' అన్నారు.

టీ తాగుతూ కుర్రాడు ఇంకో సందేహం అడిగాడు. తారు రోడ్డు మీద కూడా ఫోర్ వీల్ వేసి నడిపితే బండి స్థిరంగా ఉంటుందని ఎవరో చెప్పారట. నిజానికి అది పొరపాటు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు నడుస్తాయి. ఇలాంటి బండిలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. బురదలో టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, జాయింట్ల మీద పడుతుంది. మరి రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి కదా, మలుపు ఎలా తిరుగుతుంది? పెద్దాయన గ్లాసును టేబుల్ మీద అడ్డంగా దొర్లించి చూపించారు. ఒకవైపు వెడల్పు, మరోవైపు సన్నం కావడంతో అది వంపు తిరిగింది. రైలు చక్రం అంచు కూడా ఇలాగే ఏటవాలుగా ఉంటుంది. మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద, లోపలిది చిన్న చుట్టుకొలత మీద నడుస్తాయి. ఆ ఏటవాలే వేగం హద్దు మీరితే బోగీని అటూ ఇటూ ఊపుతుంది. సౌకర్యమిచ్చే ఏర్పాటే వణుకుకూ కారణమవుతుందన్న మాట.

ఇంటికొచ్చాక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, ఆయన చాప వేసుకుని బండి కిందకు దూరారు. డెబ్బై దాటిన వయసు. వద్దన్నా వినలేదు. వెనక షాఫ్ట్ మీద సుద్దముక్కతో పొడుగునా గీత గీశారు. షాఫ్ట్ రెండు చివరల క్రాస్‌ను పట్టుకునే చెవులు ఒకే వరుసలో ఉండాలి. క్రాస్ జాయింటు వంకరగా తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. చెవులు ఒకే వరుసలో ఉంటే ఒక చివర చేసిన తప్పును రెండో చివర దిద్దుతుంది. లేకపోతే రెండు తప్పులూ కలిసి బండిని వణికిస్తాయి. ఇక్కడ చెవులు తప్పి ఉన్నాయి. ఎప్పుడో, ఎవరో షాఫ్ట్ విప్పి, జారే పళ్ళ దగ్గర రెండు మూడు పళ్ళు పక్కకు బిగించేశారు. చాలదన్నట్టు, బండి ఎత్తుగా కనబడాలని వెనక కమాన్ కట్టలో అదనపు పట్టీ వేయించారు. దాంతో షాఫ్ట్ వంపు పెరిగి, ఉన్న దోషం రెట్టింపైంది.

కాలనీకి దగ్గర్లోని ఓ చిన్న షెడ్డులో సాయంత్రానికి పని ముగిసింది. షాఫ్ట్ విప్పితే క్రాస్‌లో సూది బేరింగులు గీతలు పడి ఉన్నాయి. కొత్త క్రాస్‌లు వేసి, సుద్దగీత చూసి చెవులు కలిపి, అదనపు పట్టీ తీసేశారు. సామానుకూ కూలికీ కలిపి రూ. 2,000 కూడా కాలేదు. అలాగే నడిపి ఉంటే? వేగంలో క్రాస్ విరిగి షాఫ్ట్ ముందు కొస జారిందంటే రోడ్డులో గునపంలా దిగుతుంది. ఆరుగురు పర్యాటకులతో వెళుతున్నప్పుడు అలా జరిగితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

చీకటి పడుతుండగా మళ్ళీ రతన్‌పూర్ రోడ్డు. 65, 75, 80. నీళ్ళ సీసాలో అలలు లేవు. పాత జిప్సీ కాబట్టి గాలి హోరు, గేర్ల రొద ఉండనే ఉన్నాయి. తుమ్మెద మాత్రం ఎగిరిపోయింది. కుర్రాడు తాత వైపు తిరిగి ఏదో అనబోయి, ''రోడ్డు సూడరా గుంటడా'' అనిపించుకున్నాడు.

ఆ రాత్రి రైల్వే కాలనీలో వేసవి సోలాపురి మాత ఉత్సవానికి చందాల లెక్కలు తేలుతున్నాయి. సగం తెలుగులో, సగం హిందీలో. తెలుగు చదవడం, రాయడం రాని పిల్లలు కూడా అమ్మవారి పాటలు తెలుగులోనే పాడతారట. ఆ గొడవల మధ్య పెద్దాయన రూళ్ళ కాగితం ఒకటి తీసుకుని రాయడం మొదలుపెట్టారు. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, కనిపెట్టిన లోపం, మార్చిన సామాను, తీసేసిన పట్టీ. కింద సంతకం. దాన్ని బండి కాగితాలతో పాటు పెట్టమని మనవడికిచ్చారు.

పెండ్రా మనిషి మర్నాడు ఉదయం వచ్చాడు. కుర్రాడు ముందు ఆ కాగితమే అతని చేతిలో పెట్టాడు. అతను రెండుసార్లు చదివి, ముందన్న ధరకే తీసుకుంటానన్నాడు. ''ఇప్పుడు అమ్మను'' అన్నాడు కుర్రాడు. తాత ఏమీ అనలేదు. ముందు సీటు నా కోసం దులిపి, అచానక్‌మార్ దారిలో ఎక్కడెక్కడ ఆపి హబ్‌లు తాకి చూడాలో చెప్పడం మొదలుపెట్టారు.