బరువు ఎంచుకున్న బాట

కొల్‌కతాలో కొండ లేదు. హుగ్లీ నది ఒడ్డున, సముద్రమట్టానికి పది మీటర్లైనా ఎత్తు లేని ఒండ్రునేల మీద వెలసిన మహానగరమది. అక్కడి నుంచి ఉత్తరంగా సిలిగురి వరకు 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించినా బండి ఎక్కే ఎత్తు సుమారు 120 మీటర్లు మాత్రమే. ఆ తరువాత కథ మారిపోతుంది. ఎనభై కిలోమీటర్ల లోపే దారి 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్‌ను చేరుకొని, అక్కడినుంచి కొద్దిగా దిగి డార్జిలింగ్‌లో ఆగుతుంది. ధాన్యపు బస్తాలతో వచ్చిన నాటి ఎడ్లబండివానికీ, చక్రాల మీది చిన్న ఇంటిని కారు వెనుక తగిలించుకొని విహారానికి బయలుదేరే నేటి కుటుంబానికీ సిలిగురిలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏ దారిన ఎక్కాలి?

ఈ ప్రశ్నకు సరైన సమాధానం కనుగొనడానికి కలకత్తాలోని పాలకులకు సుమారు నలభై ఏళ్లు పట్టింది.

1835లో సిక్కిం రాజు డార్జిలింగ్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఎండలకు తాళలేని కలకత్తా దొరలకు చల్లని విడిది దొరికింది. చేరుకునే దారే లేదు. 1839లో రాబర్ట్ నేపియర్ అనే యువ సైనిక ఇంజనీరు ఆ పనికి పూనుకున్నాడు. ఈయనే తరువాతి కాలంలో మాగ్దలా ప్రభువుగా పేరుగాంచిన నేపియర్. పంఖాబారి మీదుగా కర్సియాంగ్‌కు, అక్కడినుంచి డార్జిలింగ్‌కు ఆయన వేసిన బాట 1842 నాటికి సిద్ధమైంది. పటంలో చూస్తే అది చక్కని దారి, దూరం తక్కువ. సిపాయి నడిచాడు, గుర్రం ఎక్కింది, కూలీ మోశాడు. కాని బరువుతో వచ్చిన బండి ఎక్కలేకపోయింది. దారి ఇరుకు, వాలు నిటారు.

కొండదారిలో దూరానికీ వాలుకూ గల సంబంధం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇరవై అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేచే దారిలో, ఒక టన్ను బరువు బండిని సుమారు 50 కిలోల బలంతో ఎడతెగకుండా వెనక్కు లాగుతుంది. పది అడుగులకే ఒక అడుగు లేచే దారిలో ఆ బలం రెట్టింపవుతుంది. ముప్పై అడుగులకు ఒక అడుగైతే 33 కిలోలకు తగ్గుతుంది. రెండువేల మీటర్లు పైకెక్కడానికి పదికి ఒకటి వాలున్న దారి ఇరవై కిలోమీటర్లలో ముగుస్తుంది. ముప్పైకి ఒకటి వాలైతే అరవై కిలోమీటర్లు కావాలి. దారి పొడవు మూడింతలైతే లాగే భారం మూడోవంతవుతుంది. దిగేటప్పుడు వెనుకనుంచి నెట్టే బలమూ అంతే తగ్గుతుంది. కొండల్లో అధికంగా నడిచే ప్రతి మైలూ భద్రతకు చెల్లించే మూల్యమే.

అందుకే 1860లలో నేపియర్ బాటను విడిచి, సుక్నా, తిన్‌ధారియాల మీదుగా కొండను చుట్టుకుంటూ పోయే మరో దారిని వేశారు. 1869 నాటికి పూర్తయిన దానిపేరే హిల్ కార్ట్ రోడ్డు, అంటే కొండ బండ్ల బాట. ఆ పేరులోనే దాని పరమార్థమున్నది. నేపియర్ బాట మనిషి కోసం వేసింది. ఇది బండి కోసం వేసింది.

అయినా కలకత్తానుంచి డార్జిలింగ్ దూరంగానే ఉండిపోయింది. ఆ రోజుల్లో ప్రయాణికుడు రైలులో సాహిబ్‌గంజ్‌కు పోయి, స్టీమరులో గంగను దాటి కారాగోలా రేవు చేరి, అక్కడినుంచి పూర్ణియా, కిషన్‌గంజ్‌ల మీదుగా ఎడ్లబండిలోనో పల్లకిలోనో సిలిగురికి రావలసి ఉండేది. 1878లో పట్టాలు సిలిగురి దాకా వచ్చాయి. కాని ఆపైన కొండ మీదికి సరుకు చేర్చడానికి మళ్లీ ఎడ్లే దిక్కు. సిలిగురిలో టన్ను 98 రూపాయలున్న బియ్యం డార్జిలింగ్‌లో 238 రూపాయలు పలికేది. కొండ మీది కుటుంబం ప్రతి ముద్దలోనూ ఆ వాలుకు సుంకం కడుతూ ఉండేదన్నమాట.

ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఈ వ్యత్యాసాన్ని గమనించాడు. బండ్ల బాట పక్కనే రెండడుగుల వెడల్పుగల పట్టాలు వేసి ఆవిరి ఇంజనుతో బండ్లను లాగించవచ్చునని 1878లో ఒక పథకం సమర్పించాడు. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ ఆష్లీ ఈడెన్ సమ్మతించాడు. 1879లో పని మొదలై 1881 జూలైలో రైలు డార్జిలింగ్‌కు చేరుకుంది.

అయితే రోడ్డు వెంట పట్టాలు పరచినంత మాత్రాన పని తీరలేదు. ఎద్దు ఎక్కగలిగిన కొన్నిచోట్ల ఇంజను ఎక్కలేకపోయింది. ఇరవైకి ఒకటి వాలున్న చోట్ల ఇనుప చక్రాలు జారసాగాయి. దానితో 1882లో సుక్నా, గయాబారిల నడుమ దారిని కావాలని పొడిగించారు. కొన్నిచోట్ల పట్టాలను గుండ్రంగా చుట్టి, తన కిందినుంచి తానే దాటి పైకి వచ్చేలా చేశారు. చుట్టడానికి చోటు లేని చోట రైలు ముందుకు పోయి ఆగి, వెనక్కు నడుస్తూ ఎత్తెక్కి, మళ్లీ ముందుకు సాగేలా జడ్ ఆకారపు మలుపులు కట్టారు. దారి కనబడక దిగాలుపడ్డ ఇంజనీరుకు, ముందుకు పోలేకపోతే వెనక్కు రావచ్చు కదా అని భార్య సలహా ఇచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా కిటుకు మాత్రం నిజం. బతాసియా వద్ద నేడు యాత్రికులు ఫొటోలు తీసుకునే చుట్టు 1919లో వచ్చింది. ఇంజను ముందుభాగాన ఇద్దరు మనుషులు కూర్చొని, చక్రాలు జారకుండా పట్టాల మీద చేతితో ఇసుక చల్లే పద్ధతి ఈ రైలుకు ప్రత్యేకమైన గుర్తుగా నిలిచిపోయింది. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

నేడు కొల్‌కతానుంచి రోడ్డు మీద వచ్చేవారికి గంగ అడ్డంకి కాదు. 1975లో ప్రారంభమైన ఫరక్కా ఆనకట్ట మీదుగా నదిని దాటి మాల్దా, రాయ్‌గంజ్‌ల వైపుగా సిలిగురి చేరవచ్చు. కాని కొండ పాదంలో పాత ప్రశ్న అలాగే నిలిచి ఉంది. కర్సియాంగ్‌కు ముఖ్యంగా మూడు దారులు: నేపియర్ నాటి పంఖాబారి, తిన్‌ధారియా మీదుగా హిల్ కార్ట్ రోడ్డు, రోహిణి మీదుగా పోయే కొత్త రోడ్డు. పంఖాబారి ఇప్పటికీ దగ్గరి దారే, ఇప్పటికీ నిటారే. అలవాటుపడ్డ చేతుల్లో చిన్నకారుకు అది చాలు. వెనుక మరో బండిని లాగేవారు అటు చూడకపోవడమే మేలు.

కారణం వాలు ఒక్కటే కాదు. మలుపులో వెనుకబండి చక్రాలు ముందుబండి జాడలోనే పోవు. లోపలివైపుకు కోసుకొని పోతాయి. కారు సులువుగా తిరిగిన మలుపులో వెనుకబండి గట్టును రాసుకోవచ్చు, కాలువలో పడనూవచ్చు. దిగేటప్పుడు బరువంతా ముందుకు నెడుతుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే అది కాగి పట్టు వదులుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాతకాపు డ్రైవర్ల నియమం ఇందుకే పుట్టింది. ఎక్కే దారి, దిగే దారి వేరుగా ఉంటే మరీ మంచిది. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వచ్చాయి. పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి వాడుతున్నారు.

డార్జిలింగ్ కొండలకు ఆ సదుపాయం లేదు సరికదా, ఉన్న దారి కూడా ఏటా ఉంటుందన్న పూచీ లేదు. పాగ్లా ఝోరా, అంటే పిచ్చి వాగు, పట్టాలనూ రోడ్డునూ పలుమార్లు కోసివేసింది. 2010, 2011లలో తిన్‌ధారియా పరిసరాల్లో కొండచరియలు విరిగిపడగా, సిలిగురి వైపునుంచి డార్జిలింగ్‌కు పూర్తి రైలు ప్రయాణం 2015 డిసెంబరులో గాని మళ్లీ మొదలు కాలేదు. ఆ కాలంలో రోహిణి రోడ్డే కొండవాసులను ఆదుకుంది. 2025 అక్టోబరు 5 నాటి కుంభవృష్టికి ఆ రోహిణి రోడ్డూ దెబ్బతింది. మిరిక్ దారిలోని దూధియా వంతెన కూలిపోయింది. నిన్న క్షేమమైన దారి నేడూ క్షేమమని పటం చెప్పలేదు.

అందుచేత వానకారు తప్పించి, పగటివేళ, ఆ ఉదయం పైనుంచి దిగివచ్చిన డ్రైవరును విచారించి బయలుదేరడం కొండవాసుల ఆచారం. సిలిగురిలో కారవాన్‌ను ఏదైనా లోగిలిలో విడిచి, తేలికైన కారులో పైకి వెళ్లడం కూడా దారి ఎంచుకోవడమే. సుక్నా అడవి దాటాక, జడ్ మలుపు దగ్గర చిన్నరైలు ఒక్కక్షణం ఆగి, సిగ్గుపడకుండా వెనక్కు నడవడం రోడ్డుమీది వారికి కనిపిస్తుంది. కాసేపటికి అదే రైలు వారి నెత్తిమీది గట్టునుంచి కూత వేస్తుంది.