లైట్ వెలిగింది, మాట అందలేదు

“సర్వర్ డౌన్ సార్, రేపు రండి.” ఈ మాట వినని వాళ్లు మనలో అరుదు. కిందటేడు ఒక కాగితం కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడు రోజులు తిరిగాను. పింఛను పని మీద వచ్చిన ఒక ముసలాయన ఆ మూడు రోజులూ నా పక్కన గోడ వారన కూర్చునే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం భుజాన సంచీతో ఒక కుర్రాడొచ్చాడు. బీరువా వెనక దూరి, పావుగంటలో బయటికొచ్చాడు. సర్వర్‌కు ఏ రోగమూ లేదు. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చు నుంచి వచ్చే వైరు బీరువా కాలి కింద పడి నలిగింది, అంతే. ఎట్లా పట్టుకున్నావు బాబూ అంటే, “మా ఉస్తాద్ నేర్పిండు సార్. కార్ఖానాల ఉంటడు, ఒకసారి రాండ్రి” అన్నాడు.

వెళ్లాను.

సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్ స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద తిరుమలగిరి వైపు పోతుంటే తగులుతుంది కార్ఖానా. ఉర్దూలో కార్ఖానా అంటే పని జరిగే చోటు. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్లూ ఆసుపత్రులూ టిఫిన్ సెంటర్లే కనిపిస్తాయి గానీ, పక్క సందులోకి తిరిగి మెట్లెక్కాక నాకు దొరికింది మాత్రం పేరుకు తగ్గ కార్ఖానానే. రెండు గదులు. గోడ పొడవునా ఇనుప ర్యాకులు. వాటిలో ఇరవై నాలుగు పోర్టులవి, నలభై ఎనిమిది పోర్టులవి, మూతలు విప్పినవి, ఫ్యాన్లు పీకినవి, రకరకాల స్విచ్చులు. అన్ని ఫ్యాన్లూ కలిసి తేనెతుట్టెలా రొద పెడుతున్నాయి. కావలసిన సామాను పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చుకుంటారట.

ఉస్తాద్‌కు అరవై దాటాయి. ఫౌజులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసి రిటైరయిన మనిషి. ఆర్మీ వాళ్ల ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడికి దగ్గర్లో తిరుమలగిరిలోనే ఉంది. కంటోన్మెంటులో ఇటువంటి చేయి దొరకడం వింతేమీ కాదు.

గోడ మీద నొక్కే స్విచ్చు వేరు, ఈ స్విచ్చు వేరు. ఇది ఊరి పోస్టుమ్యాన్ లాంటిది. ప్రతి యంత్రానికీ తయారీలోనే 48 బిట్ల అడ్రస్ ఒకటి పడుతుంది. ఏ అడ్రస్ ఏ పోర్టు వైపు నుంచి మాట్లాడిందో స్విచ్చు గమనించి పట్టికలో రాసుకుంటుంది. ఆ పైన ఆ పేరున ఏదొచ్చినా ఆ గుమ్మంలోనే వేస్తుంది. అవతలివాళ్లు కొంతసేపు, మామూలుగా 300 సెకన్లు, మౌనంగా ఉంటే పేరు కొట్టేస్తుంది. తెలియని అడ్రస్‌కో, అందరికీ అనో ఏదైనా వస్తే తక్కిన గుమ్మాలన్నిట్లోనూ ఒక్కో నకలు వేస్తుంది. ఈ చివరి అలవాటు గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

నేను కూర్చున్న కాసేపటికే ఒక కుర్రాడు బడి నుంచి పీక్కొచ్చిన వైరు బల్ల మీద పెట్టాడు. ల్యాబులో ఒక్క కంప్యూటరే సతాయిస్తోందట. లింక్ లైట్ వెలుగుతోంది, ఫైలు మాత్రం నత్తనడక. “టెస్టర్‌ల మంచిగనే ఉంది ఉస్తాద్. ఎనిమిదీ వెలుగుతున్నయి.” ఉస్తాద్ టెస్టర్ ముట్టుకోలేదు. వైరు చివరి జాక్‌ను కిటికీ వెలుగుకు పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నా చేతికిచ్చాడు. “రంగులు చదువుండ్రి సార్.”

చదివాను. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, ఆకుపచ్చ, నీలం తెలుపు, నీలం, గోధుమ తెలుపు, గోధుమ. జంటలు జంటలుగా ముచ్చటగా ఉంది. తప్పు అక్కడే ఉంది. మన దగ్గర ఎక్కువగా వాడే వరుసలో జాక్ మూడో కాలి (పిన్ను) మీద ఆకుపచ్చ తెలుపు, నాలుగులో నీలం, అయిదులో నీలం తెలుపు, ఆరులో ఆకుపచ్చ రావాలి. మూడు, ఆరు కలిసి ఒక జంట. అవి ఒకదాన్నొకటి పెనవేసుకున్న తీగలై ఉండాలి. ఆ మెలికే బయటి రొదను కొట్టేస్తుంది. ఈ వైరు చేసినవాడు రెండు చివర్లా ఒకే వరుస పెట్టాడు కాబట్టి ప్రతి తీగా అవతల తన కాలికే చేరింది, టెస్టర్ సంతోషించింది. కానీ మూడో కాలి తీగ ఆకుపచ్చ జంటలో పోతోంది, ఆరో కాలి తీగ నీలం జంటలో పోతోంది. జోడు విడిపోయింది. పక్క తీగల మాట దీంట్లోకి దూరుతోంది. తీగ తెగిందా లేదా అన్నదే ఆ చిన్న టెస్టర్ చెప్పగలదు. మాట చెడకుండా పోతోందా అన్నది దానికి తెలియదు.

కుర్రాడు రెండు జాక్‌లూ కత్తిరించి, తీగల మెలికలు అవసరమైనంతే విప్పి, వరుస సరిచేసి క్రింపింగ్ చేశాడు. ఉస్తాద్ దాన్ని ల్యాప్‌టాప్‌కు కట్టిన స్విచ్చులో పెట్టి తెర వైపు చూపించాడు. కన్సోల్ కేబుల్ గుండా, సెకనుకు 9600 బిట్ల వేగంతో, స్విచ్చు తన కథంతా అక్షరాల్లో చెబుతుంది. ఏ పోర్టులో ఎన్ని డేటా పొట్లాలు చెడిపోయి వచ్చాయో లెక్క ఉంటుంది. జాక్‌లు కత్తిరించక ముందు పెట్టి చూసినప్పుడు ఆ అంకె చూస్తుండగానే పెరిగింది. ఇప్పుడు సున్నా దగ్గర నిలబడింది. ఆ సున్నాను కుర్రాడు చూసిన చూపు నేను మరచిపోలేను.

లెక్క పెరిగినప్పుడల్లా తప్పు వైరుదే కానక్కర్లేదు. ఒక పక్క వేగాన్నీ, రెండు వైపులా ఒకేసారి మాట్లాడే పద్ధతినీ చేత్తో బిగించి, రెండో పక్కను ఆటోకు వదిలేస్తే, ఆటో పక్కకు జవాబు దొరక్క ఒకసారి ఒకరే మాట్లాడే పద్ధతికి దిగిపోతుంది. లింక్ ఉంటుంది, పింగ్ అనే చిన్న పలకరింపు పోతుంది, పెద్ద ఫైలు చచ్చిపోతుంది. రెండూ ఆటోలో పెట్టు, లేదా రెండూ బిగించు, అంటాడు ఉస్తాద్.

ఇంతలో ఫోను. ఒక హాస్టల్‌లో ఆయన మనిషి ఒకడు ఉన్నాడు. మొత్తం నెట్‌వర్క్ పడిపోయింది.

“పవర్ ఆపకు బిడ్డా. లైట్లు ఎట్ల కొడుతున్నయి?”

“అన్నీ ఒక్కతీరుగనే ఉస్తాద్. ఆగుతలేవు.”

“లూప్. ఇయాల ఏ రూంల సామాన్ జరిపిండ్రు, అడుగు. లాగ్ల ఏమున్నది, చదువు.”

లాగ్‌లో ఒకే అడ్రస్ ఒక క్షణం 7వ పోర్టులో, మరుక్షణం 19వ పోర్టులో కనిపిస్తోంది. ఒక మనిషి ఒకేసారి రెండు గుమ్మాల్లో నిలబడినట్టు. 19 పీకాడు. కొద్ది సెకన్లలో హాస్టల్ ఊపిరి పీల్చుకుంది. ఆ వైరు వెంట పోతే ఒక బల్ల కింద చిన్న స్విచ్చు. ఎవరో ఊడ్చేటప్పుడు వేలాడుతున్న వైరు చూసి, పాపం మంచికే, రెండు కొసలూ అదే స్విచ్చులో పెట్టారు.

అందరికీ అని వేసిన పొట్లం ఈ వలయంలో పడితే తిరుగుతూనే ఉంటుంది, నకళ్లు పుడుతూనే ఉంటాయి. ఈథర్‌నెట్ పొట్లానికి ఇన్ని మజిలీలు తిరిగాక చచ్చిపో అనే గడువు లేదు. ఈ ప్రమాదం తెలిసే 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టింది. స్విచ్చులు తమలో తాము మాట్లాడుకుని, వలయం కనిపిస్తే ఒక కొమ్మను మూసి, మిగిలినదాన్ని చెట్టులా ఉంచుకుంటాయి. హాస్టల్ పెద్ద స్విచ్చుకు ఆ తెలివి ఉంది. కాకపోతే అది ప్రతి పోర్టునూ తెరిచే ముందు 30 సెకన్లు ఆగి చూస్తుంది. ఆ ఆలస్యం ఓర్చుకోలేక ఎవరో ఏకంగా ఆపేశారు. కంప్యూటర్లుండే పోర్టులకు మాత్రమే ఆ ఆగడం తీసేసే వీలు అదే స్విచ్చులో ఉంది. కాపలావాడు నెమ్మది అని గేటే పీకేశారు.

ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకోకండి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఈ స్పానింగ్ ట్రీ దగ్గరే కూలి, దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీద పని నడిపారు. అతికించుకుంటూ పోయిన నెట్‌వర్క్ ఆ పద్ధతి మోయగలిగిన దూరాన్ని దాటి పెరిగింది. ఆ ఆసుపత్రి చేసిన గొప్ప పని, ఏం జరిగిందో దాచకుండా లోకానికి చెప్పడం. మనం “సర్వర్ డౌన్” అనే రెండు మాటల కింద కప్పెట్టేస్తాం. అసలు పేరు పెట్టని తప్పు మళ్లీ వస్తుంది, ఇంకో ముసలాయన మళ్లీ గోడ వారన కూర్చుంటాడు. నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఉస్తాద్ బల్ల మీద కిరాణా కొట్లో ఉండేలాంటి పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. ప్రతి పనికీ ఒక పేజీ. ఒక్కరికా అందరికా, ఎప్పటినుంచి, నిన్న ఏం మారింది, లైట్లు ఎట్లున్నాయి, చివరికి ఏం దొరికింది. వీటిలో మొదటి నాలుగూ రాయనిదే ఏ కుర్రాడూ వైరు పీకకూడదు. పవర్ ఆపడం అన్నిటికన్నా చివర. చాలా స్విచ్చుల్లో లాగ్ మెమరీలోనే ఉంటుంది. ఆపితే సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాసేపు బాగైనట్టు కూడా ఉంటుంది. “బందుజేసి షురూ జేసుడు మరమ్మతు గాదు సార్” అన్నాడాయన.

బడి, ఆసుపత్రి, ఆఫీసు, ఏది నడిపేవారైనా ఈ వారంలో ఒకసారి మీ స్విచ్చు ఎక్కడుందో చూడండి. ప్రతి వైరుకూ రెండు చివర్లా పేరు కట్టండి. ఏ పోర్టు ఎవరిదో రాసిన కాగితం ర్యాకు తలుపు లోపల అతికించండి. దాని ముందు బీరువా ఉంటే జరపండి.